వీరస్మృతి - చిహ్నధారణ

డిసెంబరు 7వ తేదీ సమీపించేసరికి అనంతపురం పీఠభూమిలోని కార్యాలయాలకూ, పాఠశాలలకూ చిన్న చిన్న కాగితపు పతాకాలు చేరుతవి. ఎరుపు, ముదురు నీలం, లేత నీలం - భూ, నౌకా, వైమానిక దళాలకు గుర్తుగా మూడు రంగులు. చందా పెట్టెలో కొంత సొమ్ము వేసినవారి చొక్కాకు గుండుసూదితో ఆ పతాకాన్ని గుచ్చుతారు. సాయంకాలానికి వాటిలో చాలా భాగం బస్సు నిలయాలలో, బడి వాకిళ్ళలో, వేరుసెనగ తొక్కల నడుమ పడి ఉంటవి. ఈ దృశ్యం చూచి బాధపడేవారు కొందరు; అది కాగితమే కదా అని సమాధానపడేవారు కొందరు; ఆ చందా తమ జీతంలోనుండి అడగకుండానే పోయినదని గొణుగుకొనేవారు మరికొందరు. ముగ్గురి మాటలోనూ కొంత సత్యం ఉన్నది.

మరణించిన సైనికుని జ్ఞాపకాన్ని బ్రతికి ఉన్నవాడు తన ఒంటిమీద ధరించవచ్చునా? ధరించితే ఎక్కడ, ఏ సందర్భంలో, ఎవరి అనుమతితో? ధరించనివానిని ఏమనవలెను? ప్రపంచంలో అనేక దేశాలను కలతపెట్టిన ప్రశ్నలివి. అన్నిటికంటె చివరిదే అన్నిటికంటె ప్రమాదకరమైనది.

2019లో ఈ ప్రశ్న క్రికెట్ మైదానం మీదుగా ఈ దేశంలో ఇంటింటికీ వచ్చినది. ఆ ఏడు ఫిబ్రవరి 14న పుల్వామాలో కేంద్ర రిజర్వు పోలీసు దళంవారు 40 మంది మరణించినారు. మార్చి 8న రాంచీలో ఆస్ట్రేలియాతో జరిగిన పోటీలో భారత జట్టు సైన్యపు మచ్చల టోపీలు ధరించి ఆడినది. ఆనాటి పారితోషికాన్ని ఆటగాళ్ళు జాతీయ రక్షణ నిధికి ఇచ్చినారు. పాకిస్తాన్ క్రికెట్ అధికారులు అభ్యంతరం చెప్పినారు. ముందుగా అనుమతి పొందినారనీ, నిధి సేకరణకూ మృతుల స్మృతికీ ఉద్దేశించినదే గనుక తప్పు లేదనీ అంతర్జాతీయ క్రికెట్ మండలి బదులు చెప్పినది. మూడు నెలలు తిరుగకముందే, జూన్ 5న ఇంగ్లండులోని సౌతాంప్టన్‌లో దక్షిణాఫ్రికాతో ప్రపంచ కప్పు పోటీ జరిగినది. ఆనాడు మహేంద్రసింగ్ ధోనీ చేతి తొడుగులపై పారాచూట్ ప్రత్యేక దళాల 'బలిదాన్' చిహ్నం కనిపించినది. ఈసారి మండలి ఒప్పుకొనలేదు. భారత క్రికెట్ బోర్డు చేసిన విన్నపాన్ని త్రోసిపుచ్చినది. 9వ తేదీన ఆస్ట్రేలియాతో ఆడినప్పుడు ధోనీ చేతులకు ఆ గుర్తు లేదు.

ఆ నాలుగు రోజులూ దేశంలో చెలరేగిన వాదోపవాదాలను తలచుకొంటే ఒక విషయం ఆశ్చర్యం గొలుపుతుంది. గుర్తు ఉండవలెనన్నవారు దేశభక్తులనీ, వద్దన్నవారు ద్రోహులనీ తీర్పులు వెలువడినవి గాని, ఆ గుర్తు దేనికి గుర్తు అని విచారించినవారు అరుదు. బాకుకు రెక్కలు తొడిగిన ఆ బిళ్ళ మృతుల సంస్మరణకోసం పుట్టినది కాదు. కఠోర శిక్షణలో నెగ్గి ఆ దళంలో నిలిచినవారు ధరించే యోగ్యతా చిహ్నం. ధోనీ 2011 నుండి టెరిటోరియల్ సైన్యంలో గౌరవ లెఫ్టినెంట్ కర్నల్. పారాచూట్‌తో దూకడంలో శిక్షణ పొందినవాడు. సైన్యంపట్ల ఆయనకున్న ఆదరం నటన కాదు. అయినా యోగ్యతా చిహ్నం ఒకటి, స్మృతి చిహ్నం మరొకటి. ఈ రెంటినీ కలిపివేయడంలోనే సగం చిక్కు పుట్టినది. రాంచీలోని టోపీ ఎవరి అర్హతనూ ప్రకటించలేదు. సౌతాంప్టన్‌లోని బాకు ప్రకటించినది.

తెలుగువారికి ఈ తేడా క్రొత్తది కాదు. గండపెండేరం అన్న మాట వినని తెలుగువాడుండడు. పరాక్రమవంతుని కాలికి తొడిగే ఆ అందె జీవించి ఉన్న వీరునికి జరిగే సత్కారం. పైగా ఇతరులు తొడగవలసినదే గాని తనకు తాను తొడుగుకొనేది కాదు. అల్లసాని పెద్దన కాలికి కృష్ణదేవరాయలు స్వహస్తాలతో గండపెండేరం తొడిగినాడన్న ప్రతీతి నేటికీ నిలిచి ఉన్నదంటే, కత్తి పట్టినవానికి చెందే గౌరవం కలం పట్టినవానికి దక్కడంలోని వింతవల్లనే. రాయలు ఇచ్చినాడు గనుక అది ఒప్పు అయినది. కవియే అంగడిలో కొని తొడుగుకొని సభకు వచ్చి ఉంటే ఈపాటికి అది చాటుకథగా గాక నవ్వుల కథగా మిగిలి ఉండేది. 1957లో వచ్చిన 'మాయాబజార్' చిత్రం తరువాత 'వీరతాడు' అనేది తెలుగునాట హాస్యానికే పేరైనది. అర్హత లేని అలంకారాన్ని చూచి నవ్వగలగడం ఈ జాతికి ఆరోగ్య లక్షణమే.

గుండెమీద పూవు పెట్టుకొని మృతవీరులను స్మరించే ఆచారం ఐరోపాలో మొదటి ప్రపంచ యుద్ధానంతరం ఏర్పడినది. ఫ్లాండర్స్ ప్రాంతపు పొలాలలో, ఫిరంగి గుండ్లు దున్నిన నేలలో, గసగసాల జాతికి చెందిన ఎర్రపూలు విరగబూసినవి. కెనడా సైన్య వైద్యుడు జాన్ మెక్రే 1915లో వ్రాసిన పద్యంవల్ల ఆ పూవుకు ఖ్యాతి వచ్చినది. 1921 నుండి బ్రిటనులో నవంబరు 11వ తేదీకి ముందు ఆ పూవు బొమ్మలు అమ్మి, వచ్చిన సొమ్ముతో వికలాంగులైన సైనికులనూ, వారి కుటుంబాలనూ ఆదుకొనడం మొదలుపెట్టినారు. దాని పేరు 'పాపీ'. తెలుగు చెవికి అది మరొక విధంగా వినిపించడం ఆ పూవు తప్పు కాదు.

ఉద్దేశం ఉత్తమమైనదే. కాని ధరించడం ఇచ్ఛగా మొదలై మర్యాదగా మారినది. మర్యాద క్రమంగా నిర్బంధమైనది. 1933లోనే సహకార సంఘాల మహిళలు, యుద్ధాన్ని మెచ్చుకొనకుండా మృతులను తలచుకొనే మార్గంగా తెల్లపూవును ప్రవేశపెట్టినారు. అందుకు వారు నిందలు పడినారు. ఉత్తర ఐర్లండులోని డెరీ పట్టణంలో పుట్టిన ఫుట్‌బాల్ ఆటగాడు జేమ్స్ మెక్లీన్ ఎర్రపూవు గల చొక్కా తొడగనన్నాడు. 1972 జనవరి 30న తన పట్టణంలోనే బ్రిటిష్ సైనికులు నిరాయుధులపై కాల్పులు జరిపినారనీ, ప్రపంచ యుద్ధ మృతులపట్ల తనకు అగౌరవం లేదనీ 2014లో తన సంఘాధిపతికి లేఖ వ్రాసి వివరించినాడు. ఆ వివరణ విన్నవారు తక్కువ. మైదానంలో కేకలు వేసినవారు ఎక్కువ. 2010 నవంబరులో బ్రిటిష్ ప్రధాని కామెరాన్ బృందం ఈ పూవుతోనే చైనా వెళ్ళినది. నల్లమందు యుద్ధాలను మరువని ఆ దేశంలో గసగసాల పూవుకు మరొక అర్థం ఉన్నది గనుక తీసివేయవలసిందని అతిథులను కోరినారు, వారు తీయలేదు. ఒకే పూవు ఒకరికి కన్నీరు, మరొకరికి గాయం.

వలసదేశాలలో ఈ పూవు కథ మరింత ఆలోచింపదగినది. 1931లో సింహళంలో ఏలియన్ పెరీరా అనే మాజీ సైనికుడే దీనికి ఎదురు నిలిచినాడు. పూలు కొనేవారు సింహళీయులు, సొమ్ములో ఎక్కువ భాగం చేరేది బ్రిటిష్ మాజీ సైనికులకు. సొంత దేశపు సైనికుల గతి ఏమిటని ఆయన ప్రశ్న. అదే రోజున 'సూర్యమల్' పూలు అమ్మే ఉద్యమం మొదలైనది. 1933లో యువజన సంఘాలవారు దానిని అందిపుచ్చుకొని సామ్రాజ్యవాద వ్యతిరేక ఉద్యమంగా పెంచినారు. సూర్యమల్ అంటే వేరేమీ కాదు, తెలుగునాట గంగరావి అని పిలిచే చెట్టు పసుపుపచ్చని పూవే. ఆ ఉద్యమకారులే 1934-35లో మలేరియా మహమ్మారి వ్యాపించినప్పుడు పల్లెలలో తిరిగి సేవ చేసినారు. చిహ్నాన్ని గురించి తగవులాడినవారు చిహ్నంతో ఆగలేదన్నది ఇక్కడ గమనింపదగిన విషయం.

భారతదేశంలో స్వాతంత్ర్యానికి పూర్వం నవంబరు 11వ తేదీనే చందాలు వసూలయ్యేవి. 1949 నుండి డిసెంబరు 7 సైనిక పతాక దినమైనది. విదేశీ పూవు పోయి స్వదేశీ పతాకం వచ్చినది. ఇటీవల పూవు మళ్ళీ ముందుకు వచ్చినది - ఈసారి బంతిపూవుగా. ఢిల్లీలోని యునైటెడ్ సర్వీస్ ఇన్‌స్టిట్యూషన్ వారు దానిని భారతీయ సంస్మరణ పుష్పంగా ప్రతిపాదించినారు. 2018 నవంబరు 10న ఫ్రాన్సులోని విలేర్ గిలేన్‌లో భారత సైనికుల స్మారకాన్ని ఆవిష్కరించినవారు నాటి ఉపరాష్ట్రపతి, తెలుగువారైన ముప్పవరపు వెంకయ్యనాయుడు. అదే సంవత్సరం లండనులో ఖద్దరుతో చేసిన ఎర్రపూవులు వెలువడినవి. సామ్రాజ్యాన్ని సాగనంపడానికి నూలు వడికిన రాట్నం, సామ్రాజ్య యుద్ధాల స్మృతికి పూవు కుట్టిపెట్టినది! 1918లో ఖేడా జిల్లాలో బ్రిటిష్ సైన్యంలో చేరండని గ్రామగ్రామం తిరిగినవాడు గాంధీజీయే అని గుర్తున్నవారికి మాత్రం ఇది అంత విడ్డూరంగా తోచదు.

ఆ యుద్ధంలో భారతీయులు 13 లక్షల మందికి పైగా పాల్గొన్నారు; సుమారు 74 వేల మంది తిరిగి రాలేదు. తెలుగువారు ఈ లెక్కకు వెలుపలివారు కారు. కంపెనీ కాలంలో ఉత్తర హిందూస్థానంలో సిపాయీకి 'తిలంగా' అన్నదే పేరు. పశ్చిమ గోదావరిలోని మాధవరం నేటికీ 'మిలిటరీ మాధవరం'గానే పిలువబడుతున్నది. పరాయి ప్రభుత్వంకోసం పోరినారు గనుక వారిని మరువవలెననడం న్యాయం కాదు. వారిని స్మరిస్తున్నాము గనుక ఆ ప్రభుత్వం మంచిదనడమూ న్యాయం కాదు. ఈ రెంటి నడుమ నిలబడడం ఎట్లాగో అనంతపురం సీమలోని రాళ్ళు చాలా కాలంగా చెబుతున్నవి.

ఈ పీఠభూమిలో పొలం గట్లమీద, చెరువు కట్టల దగ్గర, ఊరి పొలిమేరలలో వీరగల్లులు నిలిచి ఉన్నవి. హేమావతి రాజధానిగా నొళంబులు ఏలిన నేల ఇది. చరిత్రకారులు సోరెమడి యుద్ధం జరిగిన చోటుగా గుర్తించిన చోళెమర్రి పెనుకొండ ప్రాంతంలోనిదే. ఆ యుద్ధంలో కూలిన వైదుంబుల పక్షపు వీరులకు వారి వారి సీమలలో శిలలు నిలిపినారు. సామాన్యంగా వీరగల్లుకు మూడు అంతస్తులుంటవి. క్రింద పోరాటం: విల్లో కత్తో పట్టిన మనిషి, ఎదుట శత్రువులు, ప్రక్కన ఒక్కొక్కప్పుడు ఆవుల మంద. నడుమ అప్సరసలు అతని రెండు చేతులూ పట్టి పైకి తీసికొనిపోతుంటారు. పైన శివలింగం ముందు అతడు కూర్చుని ఉంటాడు; శిఖరాన సూర్యచంద్రులు. కొన్నింటికి కన్నడంలోనో తెలుగులోనో నాలుగు పంక్తుల శాసనం ఉంటుంది. చాలావాటికి అదికూడా లేదు.

ఆ ఆవుల మందను తేలికగా తీసివేయరాదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల ప్రాంతంలో మాత్రమే వర్షం పడే ఈ నేలలో పైరు ఎప్పుడూ జూదమే. నడిచే ఆస్తి పశువు ఒక్కటే. మందను తోలుకొనిపోతే ఊరు ఆకలికి చచ్చిపోతుంది. అందుచేత మందకు అడ్డం నిలిచి చచ్చినవాడు సామ్రాజ్యంకోసం చావలేదు, ఊరి పాలకుండకోసం చచ్చినాడు. ఆ ఊరు అతని చిహ్నాన్ని మెడలో వేసికొని తిరగలేదు. అతడు పడిన చోటనో, ఊరివారంతా నడిచే చోటనో రాయి నాటినది. రాయితోనే ఊరుకొనలేదు. ఈ ప్రాంతపు కన్నడ శాసనాలలో 'కల్నాడు' అనీ 'నెత్తరుకొడగె' అనీ మాటలు కనిపిస్తవి. వీరుని కుటుంబానికి నెత్తుటికి బదులుగా ఇచ్చిన భూమి అది. స్మృతి ఒక ప్రక్క, కుటుంబానికి కూడు మరొక ప్రక్క. రెండూ ఒకే శాసనంలో చెక్కినారు. పతాక దినం చందా పెట్టె నెరవేర్చదలచిన పని సరిగా ఇదే. ఆనాటి గ్రామం అది తన భూమితో చేసినది. ఈనాటి కార్యాలయం గుమాస్తా జీతంతో చేస్తున్నది.

వీరగల్లు ప్రక్కనే ఒక్కొక్కచోట సతిరాయి ఉంటుంది. గాజులు తొడిగిన చేయి ఒకటి పైకెత్తి ఉంటుంది, అంతే. ఆ రాతికి పసుపు రాచే ఇల్లాలు, సహగమనం మంచిదని నమ్మి రాయడం లేదు. ఆ ఆచారం పోయినందుకు ఆమెకంటె సంతోషించేవారుండరు. అయినా మంటలో పోయిన ఆ స్త్రీని తలచుకొనడం ఆమె మానలేదు. కారణాన్ని మెచ్చకుండానే మృతులను గౌరవించవచ్చునన్న మాట ఐరోపాలో తెల్లపూవు వేసికొన్నవారు ఎంత కష్టపడినా పదిమందికి ఎక్కించలేకపోయినారు. ఇక్కడ చదువురాని చేయి ఏ వాదమూ లేకుండా చేస్తున్నది.

ఇంతటి సంప్రదాయానికి వారసులైనవారు దానిని కాపాడుతున్నారా అంటే, లేదనే చెప్పవలసి వస్తున్నది. వీరగల్లులు కొన్ని బట్టలుతికే బండలైనవి; కొన్ని కల్వర్టులలోకి పోయినవి; కొన్నిటిని నిధి ఉన్నదన్న దురాశతో పెకలించినారు. గుండెమీద పతాకం లేనివాణ్ణి నిలదీసే ఉత్సాహంలో నూరవ వంతు ఈ రాళ్ళమీద చూపినా చాలును.

చట్టం ఈ విషయంలో మితంగానే ఉన్నది. సైనికుడని ఇతరులు నమ్మవలెనన్న ఉద్దేశంతో సైనికుని దుస్తులుగాని గుర్తుగాని ధరించితే భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షను క్రింద నేరం. రాజకీయ ప్రచారంలో సైనికుల ఛాయాచిత్రాలు వాడరాదని ఎన్నికల సంఘం 2013లో చెప్పినది, 2019 మార్చిలో మరొకసారి చెప్పవలసి వచ్చినది. ఆ నెలలోనే ఢిల్లీలో ఒక పార్లమెంటు సభ్యుడు సైనిక దుస్తులలో వోట్లు అడగబోయి విమర్శల పాలైనాడు. నిజంగా అర్హులైనవారు చిహ్నాన్ని ఎట్లా చూస్తారో 2015 నవంబరులో కనిపించినది. ఒకే హోదాకు ఒకే పింఛను కావలెనని ఆందోళన చేసిన మాజీ సైనికులు తమ పతకాలను తిరిగి ఇచ్చివేయడానికి బయలుదేరినారు. పతకం సైనికునికి శోభ కాదా అని మందలించినవారున్నారు. ఆ మందలింపు తేలిక. ప్రాణంకంటె మిన్నగా దాచుకొన్న దానిని తీసి ఎదుట పెట్టినాడంటే ఆ మనిషి మనస్సు ఎంత నొచ్చి ఉంటుందో ఊహించడం కష్టం.

ఇక ఈ సీమలోని నిన్నటి మాట. 2025 మే 9న జమ్మూకాశ్మీర్ సరిహద్దులో అగ్నివీర్ మురళీనాయక్ వీరమరణం పొందినాడు. శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలంలోని కల్లితండా అతని ఊరు. 2022లో జిల్లాలు విడిపోక ముందు అదంతా అనంతపురం జిల్లాయే. మే 11న సైనిక లాంఛనాలతో అంత్యక్రియలు జరిగినవి. వేలాది ప్రజలు వచ్చినారు, మంత్రులు వచ్చినారు. రాష్ట్ర ప్రభుత్వం 50 లక్షల రూపాయలూ, అయిదెకరాల భూమీ, ఇంటి స్థలమూ, కుటుంబంలో ఒకరికి ఉద్యోగమూ ప్రకటించినది. అయిదెకరాల మాట విన్నప్పుడు నెత్తరుకొడగె జ్ఞప్తికి రాక మానదు. వెయ్యి సంవత్సరాలలో చాలా మారినది గాని ఈ నేలమీద చావుకు ఇచ్చే విలువ ఇంకా భూమిలోనే ఉన్నది.

అయితే ఇక్కడొక చిక్కు ప్రశ్న ఉన్నది. 2022 జూన్‌లో ప్రకటించిన అగ్నిపథ్ పద్ధతిలో యువకుడు నాలుగేండ్లకు సైన్యంలో చేరుతాడు. నలుగురిలో ఒకరికి మించి అందులో నిలువరు. మరణించినవారికి బీమా సొమ్మూ, పరిహారమూ ఉన్నవి గాని, మామూలు సైనికుని కుటుంబానికి వచ్చే పింఛను లేదు. ఒకే తుపాకి, ఒకే సరిహద్దు, ఒకే మరణం; కుటుంబాలకు దక్కేది మాత్రం ఒకటి కాదు. దీనికి సమర్థన చెప్పేవారు లేకపోలేదు: సైన్యం యౌవనంతో ఉండవలెననీ, పింఛనుల భారం పెరిగిపోతున్నదనీ అంటున్నారు. ఆ వాదాన్ని కొట్టివేయనవసరం లేదు. కాని వానలు లేక, బోర్లు ఎండి, బెంగుళూరుకూ బొంబాయికీ కూలికి పోయే కుటుంబాలనుండి కుర్రవాడు సైన్యంలో చేరుతున్నప్పుడు, అతని చావుతో ఆగిపోయే జీతాన్ని ఏ గుర్తూ పూడ్చలేదు. ఆ తేడాను పట్టించుకొనక రొమ్ముమీద పతాకం ఉన్నదా లేదా అని చూచే కన్ను, చూడవలసిన చోట చూడటంలేదు.

పతాకం వద్దనడానికి ఇది కారణం కాదు. గుచ్చుకొన్నవారి చేతిలోని రూపాయి ఎక్కడో ఒక వితంతువుకు చేరుతున్నంతవరకు ఆ కాగితం పవిత్రమే. ఇష్టపడి ధరించేవారిని నాటకమాడుతున్నారని ఎగతాళి చేయడం, ధరించనివారిని ద్రోహులనడమంత తప్పే. జీతంలోనుండి కోత, పిల్లలకు తలకింత అన్న లెక్క - ఇవి రెండూ పోవలెను. నిర్బంధంగా ఇచ్చిన చందా పన్ను అవుతుంది. పన్ను కట్టినవాడెవడూ కన్నీరు పెట్టడు. పాఠశాలలో పతాకం పంచేరోజున ఉపాధ్యాయుడు పిల్లలను ఊరి వీరగల్లు దగ్గరికి నడిపించుకొనిపోయి, దానిమీది దుమ్ము తుడిపించి, ఆ మూడు అంతస్తుల బొమ్మలను చదివించితే అది ఖర్చు లేని పాఠం. దేశమూ తిరిగి తిరిగి రాతి దగ్గరికే వచ్చినది: 2019 ఫిబ్రవరి 25న ఢిల్లీలో ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకంలో స్వాతంత్ర్యానంతరం మరణించిన 25 వేలకు పైగా సైనికుల పేర్లు శిలాఫలకాలపై ఉన్నవి. అట్లాంటి ఫలకం ఒకటి ఈ పీఠభూమిలో ప్రతి మండల కేంద్రంలోనూ, ఆ మండలపు పేర్లతో, ఉండడానికి అభ్యంతరమేమీ కనబడదు. ఇక్కడ రాయికి కొరత లేదు.

చందా సంగతి మరొకటి ఉన్నది. సింహళంలో ఏలియన్ పెరీరా అడిగినది పూవును గురించి కాదు, పూవుకు ఇచ్చిన డబ్బు ఎక్కడికి పోయినదని. ఆ ప్రశ్న అనంతపురంలో అడిగినా తప్పు కాదు. ఏ మండలంలో ఎంత వసూలైనది, ఈ ప్రాంతంలో ఎన్ని కుటుంబాలకు ఎంత అందినది అన్న లెక్కను ప్రతి యేడూ డిసెంబరు నెలాఖరులోగా బడి గోడలమీద అతికించవచ్చును. ఒక కాగితం చాలు. పతాకానికి పట్టేటంత సన్నని కాగితమైనా సరే.